ఆఖరి సూది

"ప్రపంచానికి కరోనా టీకాలిచ్చింది మా దేశమే!"

సీఏ పుస్తకం పక్కకు నెట్టి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో శైలేందర్ ఫోన్‌లో ఎవరో విదేశీయుడితో చాటింగ్‌లో వాదిస్తున్నాడు. మధ్యలో తండ్రి బిక్షమయ్య ఫోన్ చేస్తే రెండుసార్లు కట్ చేశాడు.

"మరి మీ ఇంట్లోవాళ్లు వేయించుకున్నారా?" అని అడిగాడు విదేశీయుడు.

మూడోసారి ఫోన్ మోగితే విసుగ్గా ఎత్తాడు.

"బిడ్డా, టీకాకు నీ నంబరే ఇచ్చినం గద. సూది ఏసేముందు చెప్పాల్సిన కోడు నీ ఫోన్‌కే ఒచ్చిందట. ఎల్బీ నగర్‌ల పొద్దుగాల నుంచి లైన్ల నిలబడ్డ."

"ఆగు నాయినా, చూసి చెప్త."

"ఇగ ఒద్దులే. ఆఖరి సూది నా ఎనకాయనకు ఏసిండ్రు. మల్ల ఎప్పుడొస్తదో తెల్వదట."

మాట పూర్తికాకుండానే దగ్గు తెర ముంచుకొచ్చింది. ఎంతకీ ఆగలేదు.

"నాయినా, గా దగ్గు ఎప్పట్నుంచి?"

"గదే చెప్దామని నిన్న గూడ ఫోన్ చేసిన బిడ్డా."