ఎడమవైపు దూకండ్రా!

ఆటగాళ్ళ గది తలుపు భుజంతో ఒక్క తోపు తోస్తేగాని తెరుచుకోదని ఎజ్రా హాల్బర్ట్‌కు తెలుసు. బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్‌ను నాలుగేళ్ళు ఈ కాలేజీకే ఆడినవాడు. వానలో తల వంచుకుని పరుగెత్తుకొస్తుంటే కాళ్ళే దారి చూపించాయి. ఇప్పుడతను పొరుగూరి కాలేజీకి కోచ్. ఇవాళ తన పాత కాలేజీ చేతిలో ఓడాడంటే ఆ ఉద్యోగం ఊడినట్టే. ఆపైన మామగారి దాణా కొట్లో మూటలు మోసుకోవాలి. సగం ఆట అయింది, ఎవరికీ ఒక్క పాయింటూ లేదు. అవతలి కోచ్ ఇంకా మైదానంలోనే రిఫరీతో తగువులాడుతున్నాడు.

గదిలో పదకొండు మట్టిబొమ్మలు కూర్చున్నాయి. ఒహాయో బురద చొక్కాల రంగులనే కాదు, ముఖాలనూ మింగేసింది.

"లేవకండి, టైం లేదు!" అన్నాడు ఎజ్రా. "ఒరేయ్, ఆఖర్లో బంతి మన చేతికి రాగానే అందరూ ఎడమవైపు దూకండి. అక్కడ కాపలా ఉన్న బక్కోడు గాలొస్తే ఎగిరిపోయే రకం. వాణ్ణి తొక్కుకుంటూ పోవాలి, తెలిసిందా?"

మూలన ఒకడికి పొలమారింది. మిగతావాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఎజ్రాకు కళ్ళు చెమర్చాయి.

"నా పరువు మీ చేతుల్లో ఉందిరా."

"చాలా థాంక్సండీ," అన్నాడొకడు వినయంగా. వీళ్ళకింత మర్యాద ఎప్పుడు అబ్బిందా అని మురిసిపోతూ బయటికొచ్చాడు ఎజ్రా.

ఆఖరి నిమిషాల్లో బంతి దొరికింది. అంతే, అవతలి జట్టంతా వచ్చి బక్కోడి చుట్టూ గోడ కట్టేసింది. గీత బయటినుంచి కోచ్ ఒక్క ముక్క అరిచినా శిక్ష పడేది తన జట్టుకే. ఎజ్రా టోపీ తీసి నోట్లో కుక్కుకున్నాడు.

కెప్టెన్ క్లెమ్ బంతి చంకలో పెట్టుకుని కుడివైపు తిరిగాడు. అక్కడ పురుగు కూడా లేదు. తీరిగ్గా పోయి అవతలివాళ్ళ గోల్ గీత దాటాడు.

ఈల మోగింది. ఎజ్రా బురదలోకి దూకి, క్లెమ్‌ను భుజాల మీదికెత్తుకుని గంతులేశాడు.

"చెప్పిన మాట వినవు కదరా, దొంగవెధవా! ఎడమవైపు అన్నానా లేదా?"

"ఎప్పుడన్నారు సార్?"

"ఎప్పుడేమిటి! విరామంలో గదికొచ్చి, అంత గొంతు చించుకుంటే!"

క్లెమ్ పైనుంచి వంగి అతని ముఖంలోకి అయోమయంగా చూశాడు.

"మీరసలు మా గదికి రానేలేదు కద సార్!"