ఫాంగ్ అక్క పంచిన కూర

"తిను రుయిలాన్, చల్లారితే నీచు కొడుతుంది," అంటూ ఫాంగ్ అక్క గిన్నె బల్ల మీద పెట్టింది. పెట్టిన మనిషి వెళ్లకుండా పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

రుయిలాన్ గిన్నెలోకి చూసింది. అల్లం, ఎండుమిరపకాయలు, పైన తేలుతున్న కొవ్వు, అడుగున నల్లటి ముక్కలు.

"ఏం కూరక్కా?"

"వాసన తెలీడంలా? కుక్క మాంసం. ఈ చలికి ఒంట్లో వేడి పుట్టద్దూ! మా ఆయన సందు మొత్తానికీ ఒకే బానలో వండించాడు. ఇంటింటికీ తెచ్చి నేనే దగ్గరుండి తినిపిస్తున్నా."

"దగ్గరుండి ఎందుకు?"

"ఎందుకా? పక్క సందులో బట్టలు కుట్టే ఆవిడ ఉందే, నోట్లో నాలుక లేనట్టుండేది, అది మంచూ మనిషట! ఇన్నాళ్లూ అందరి కళ్లూ కప్పింది. తెలిసిన రోజునే మొగుడు దాని మూట వీధిలో పారేసి తలుపేసుకున్నాడు. అప్పుడు మా ఆయన ఈ ఉపాయం పన్నాడు. ఆ మంచూల ఆదిరాజుని మంటల్లోంచి ఓ కుక్క కాపాడిందట. అందుకని చచ్చినా కుక్క మాంసం ముట్టరట. ఊ, తిను!"

రుయిలాన్ తినే పుల్లలతో ముక్కల్ని గిన్నెలోనే అటూ ఇటూ జరిపింది.

చైనాను ఏలిన మంచూ చక్రవర్తి గద్దె దిగాక హాన్‌కౌలో ఇది రెండో చలికాలం. నది మీద తెల్లవాళ్ల ఫిరంగి ఓడలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాళ్ల పేటలోకి వెళ్లాలంటే ఇప్పటికీ తలపాగా సిక్కు పోలీసు దయ ఉండాల్సిందే. యుద్ధాలన్నీ ఓడి రేవులన్నీ రాసిచ్చిన రాజవంశానికేమో భరణమిచ్చి కోటలోనే కూర్చోబెట్టారు. తెల్లవాళ్లను పల్లెత్తు మాట అనే ధైర్యం ఎవరికీ లేదు. ఇక మిగిలింది బట్టలు కుట్టుకునే మంచూ ఆడవాళ్లు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం ఏ ఊళ్లోనైనా తేలికే.

రుయిలాన్ కూడా మంచూ పిల్లే. చక్రవర్తి మీద తిరుగుబాటు రేగిన రోజున నదికి అవతల వూచాంగ్‌లో ఆమె వాళ్లంతా పోయారు. ఆమె కూరగాయల పడవలో దాక్కుని ఇవతలి ఒడ్డుకు చేరింది. ఒడ్డున పాకల్లో తన రొట్టెలో సగం విరిచి పెట్టినవాడు తెంగ్. ఆకలి మీదున్న ఇద్దరు మనుషులు ఒక కప్పు కిందికి చేరారు, అదే పెళ్లి. ఆ ఊళ్లో ఆడపిల్లలకు పాదాలు ఎదగకుండా చిన్నప్పుడే గుడ్డలతో బిగించి కడతారు, మంచూలు కట్టరు. అలా కట్టని ఆమె పాదాలు చూసి ఎవరైనా నొసలు ముడిస్తే తెంగే జవాబు చెప్పేవాడు: "కొండపల్లె పిల్ల. బరువులు మోసే ఇంట్లో పాదాలు కడితే కూడెవరు పెడతారు?" తను చెప్పిన అబద్ధాన్ని అతను నమ్మాడని ఆమె ఊపిరి పీల్చుకునేది.

కానీ మంచూలను తిట్టడంలో ఆ సందులో తెంగ్ తరవాతే ఎవరైనా. సాయంత్రం తేయాకు కార్ఖానా నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ మొదలుపెట్టేవాడు. ఆమె గోడ వైపు తిరిగి వినేది. అమ్మ గురించి ఒక్క మాట, ఒక్కసారి, ఎవరితోనైనా చెప్పుకోవాలని ఎంతగానో ఉండేది. చెబితే ఉన్న ఒక్క మనిషీ పోతాడు. పక్కన మనిషి ఉండగా ఒంటరితనం రెట్టింపవుతుందని ఆమెకు పెళ్లయ్యాకే తెలిసింది.

తలుపు తోసుకుని తెంగ్ మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు.

"వాసన సందు మొదట్లోకే వచ్చిందక్కా! నా వంతేదీ?"

"ఇదిగో నాయనా. విన్నావా, మంచూ దాన్ని పట్టారు."

"మంచి పని చేశారు. కూర్చుని తిని దేశాన్ని తెల్లవాళ్లకి తాకట్టు పెట్టిన జాతి! సందులోనే కాదు, ఊళ్లోనే ఉండనివ్వకూడదు."

ఫాంగ్ అక్క అందించిన రెండో గిన్నె ఎత్తి గబగబా లాగించాడు.

"నమలవయ్యా! వెనకాల తెల్లదొరేమైనా తరుముతున్నాడా?" అని నవ్వింది ఫాంగ్ అక్క. నవ్వుతూనే కళ్లు ఇటు తిప్పింది. "మీ ఆవిడ ఇంకా ముట్టనే లేదు."

తెంగ్ భార్య వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"దీనికి కారం పడదక్కా. కడుపునెప్పి అని నా ప్రాణం తీస్తుంది. ఇటు తే, నేను తింటా."

"కుదర్దు. ఒక్క ముక్కయినా తను తినాల్సిందే. సందు కట్టుబాటు."

పక్క సందు వీధిలో పడున్న మూట రుయిలాన్ కళ్ల ముందు మెదిలింది. అన్నం ముద్ద ముందు కుక్కకు వేసి, తరవాతే తను తినే అమ్మ మెదిలింది. చిన్న ముక్క చూసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

"మన పిల్లే!" అని ఫాంగ్ అక్క ఆమె వీపు తట్టింది.

మిగిలిన కూరంతా తెంగ్ లాక్కుని తినేశాడు, పులుసు కూడా తాగాడు. ఫాంగ్ అక్క ఖాళీ గిన్నెలు తీసుకుని పక్కింటికి వెళ్లింది.

"నాకు పనికి వేళైంది," అని తెంగ్ మొహం చూపించకుండానే బయటికి నడిచాడు. తిండిపోతు మనిషి, తన బాధ ఏం తెలుసు అనుకుంది రుయిలాన్. ఇంత పెద్ద ఊళ్లో తనలాంటి ప్రాణి ఇంకొకటి లేదని ఏడుపొచ్చింది.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి పరుగెత్తింది. నాలుగిళ్లకూ ఒకటే పెరడు. కట్టెల మోపు వెనకైతే ఎవరికీ కనబడదు.

అక్కడ అప్పటికే ఎవరో ఉన్నారు. మోకాళ్ల మీద కూలబడి, గొంతులోకి వేళ్లు పెట్టుకుని తిన్నదంతా కక్కుతూ, మధ్య మధ్య వెక్కుతూ, క్షమించమని మంచూ మాటల్లో వేడుకుంటున్నారు.

తల తిప్పి చూసినవాడు తెంగ్.