బ్రేకుల బాబాయి

కూడలి మధ్యలో బండి మళ్లీ ఆగిపోయింది.

వెనక హారన్లు మోగాయి.

"క్లచ్ ఒక్కసారిగా వదలొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ?" అన్నాడు డ్రైవింగ్ మాస్టారు.

"పొరపాటైంది మాస్టారూ" అన్నాడు స్టీరింగు దగ్గరున్న పెద్దాయన.

"నిన్నా పొరపాటే, మొన్నా పొరపాటే. లైసెన్సు ఉందన్నారుగా, ఇచ్చినవాడికి కళ్లున్నాయా?"

"ఎప్పుడో ఇచ్చార్లెండి. చెయ్యి తప్పింది."

"చెయ్యి ఒక్కటేనా? బుర్ర కూడా."

పెద్దాయన నవ్వి తాళం తిప్పాడు. బండి కప్పలా గెంతి మళ్లీ ఆగింది.

కుక్క కనబడినా బ్రేకు, కాగితం ఎగిరినా బ్రేకు. అందుకే మాస్టారు ఆయనకు బ్రేకుల బాబాయి అని పేరు పెట్టాడు. డ్రైవింగ్ స్కూలంతా అదే పేరు పాకింది. ఆ పేరుతో ఎదురుగా పిలిచినా ఆయన పలికేవాడు.

రోజూ మొదటి పాఠం ఆయనదే. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఉండేవాడు.

మాస్టారికి పొద్దున్నంటే భయం. కొంతకాలంగా కారు తలుపు మీద చెయ్యి వేయగానే గుండె దడ, అరచేతుల్లో చెమట. ఒకరోజు బండి రోడ్డు పక్కన వదిలేసి ఇంటికి నడిచి వెళ్లాడు. డ్రైవింగ్ నేర్పేవాడు బండెక్కలేడని తెలిస్తే ఉద్యోగం ఉండదు. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

"డాక్టరుకు చూపిద్దామండీ" అందామె.

"నాకేమన్నా పిచ్చా? దిగులూ ఆందోళనా అంటారే, అవన్నీ తిన్నది అరగనివాళ్ల జబ్బులు."

బ్రేకుల బాబాయి చేరాక దడ తగ్గింది. తిట్టడంలో పడి భయపడటానికి తీరిక లేదు. ఆ ఘనత తన గుండె ధైర్యానిదే అనుకున్నాడు మాస్టారు.

ఒకరోజు వంతెన మీద ఆ దడ మళ్లీ వచ్చింది. ఊపిరి అందలేదు. మాస్టారు సీటు అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి బండి వంతెన దిగి, రెండు లారీల మధ్య సందులో ఆగి ఉంది. అక్కడికి ఎలా వచ్చిందో ఆలోచించే స్థితిలో అతను లేడు.

పెద్దాయన నీళ్ల సీసా అందించాడు.

"తగ్గిపోతుంది మాస్టారూ. చచ్చిపోతామనిపిస్తుంది గానీ చావం. నాకూ వచ్చేది."

"నాకేం రాలేదు. ఎండ తగిలింది."

"నేనూ చాన్నాళ్లు ఎండే అన్నాను. ఆస్పత్రి వెనక హాల్లో గురువారం సాయంత్రం కొందరం కూర్చుంటాం. డాక్టరమ్మ కూడా వస్తుంది. ఒకసారి రండి."

"పిచ్చోళ్ల మీటింగా?"

"మీలాంటివాళ్లూ నాలాంటివాళ్లూ వస్తారు."

మాస్టారికి ఒళ్లు మండింది. చేతకాని శిష్యుడు తనను ఆ స్థితిలో చూశాడు. రేపు నలుగురికీ చెబుతాడు.

"రేపట్నుంచి రాకండి. మీకు ఈ జన్మలో బండి రాదు."

"అంతేనంటారా?"

"అంతే. నా టైమూ దండగ, పెట్రోలూ దండగ."

పెద్దాయన దిగి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు మొదటి పాఠానికి ఒకమ్మాయి వచ్చింది. చక్కగా నడిపింది. తిట్టడానికి ఏమీ లేదు. రెండో వీధి మలుపు తిరిగేసరికి మాస్టారికి మళ్లీ దడ మొదలైంది.

ఆ తరువాత స్కూలుకు వెళ్లడం మానేశాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. యజమాని ఫోన్ చేస్తే భార్య జ్వరమని చెప్పింది. రెండోసారి చేసినప్పుడు, వేరే మాస్టారిని చూసుకుంటానన్నాడు ఆయన.

"ఈ గురువారం ఒక్కసారి వెళ్దామండీ" అందామె.

"నీ పోరు పడలేక వస్తున్నా. పిచ్చోళ్లను చూసి వచ్చేద్దాం."

హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. బల్ల మీద ఒక ఫొటో ఉంది. ఫొటోలో బ్రేకుల బాబాయి.

"మొన్న ఆదివారం నిద్రలోనే పోయారు" అన్నారెవరో.

మాస్టారు కూర్చున్నాడు. ఒక్కొక్కరూ లేచి మాట్లాడుతున్నారు.

"షాపు తెరవబుద్ధి కాని రోజుల్లో షట్టరు ముందు నిలబడేవాడు" అంది ఒక దర్జీ ఆవిడ. "చేతిలో రోజూ అదే ప్యాంటు. ఓ రోజు పొడుగైందనేవాడు, ఓ రోజు పొట్టిదైందనేవాడు. తిట్టుకుంటూనే తెరిచేదాన్ని."

"నా దగ్గర చదరంగం నేర్చుకున్నాడు" అన్నాడు ఒక లెక్కల మాస్టారు. "గుర్రాన్ని తిన్నగా నడిపేవాడు. నాకు పిచ్చి కోపం వచ్చేది. ఆ కోపంతోనే మంచం దిగాను."

అందరూ నవ్వారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

అన్నిట్లోనూ మొద్దేనన్నమాట, అనుకున్నాడు డ్రైవింగ్ మాస్టారు. పోయినవాణ్ని ఇలా పొగడటం చూస్తే చిరాకేసింది. లేచాడు.

"నా దగ్గర కారు నేర్చుకున్నాడు. ఉన్నమాట చెప్పాలిగా, అంత మొద్దును నేను చూడలేదు. నేనే వద్దని పంపేశాను."

హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది.

"ఎందుకు నవ్వుతారు? అబద్ధమా?"

పక్కన భార్య తల దించుకుంది. దర్జీ ఆవిడ నవ్వు ఆపుకుని అతని వైపు తిరిగింది.

"కారా? రిటైరయ్యేదాకా ఆయన కొండ దారుల్లో బస్సు నడిపాడు అన్నయ్యా. మీరు పొద్దున్నే బండెక్కలేకపోతున్నారని మీ ఆవిడ ఇక్కడికొచ్చి ఏడిస్తే, 'ఆ మాస్టారికి తిట్టడానికి ఒక శిష్యుడుంటే చాలు' అని లేచి వెళ్లాడు."