పాలపిట్ట

"ఈ పొద్దు పాలపిట్టను కూల్చకపోతే నా పేరు సుదర్శనే కాదు."

గద్వాలలో కంప్యూటర్లు బాగుచేసే ఆశీర్వాదం తలెత్తి చూశాడు. ఎదురుగా విత్తనాల దుకాణం సుదర్శన్, చేతిలో జాయ్‌స్టిక్.

"ఏ పాలపిట్ట తమ్మీ?"

"యుద్ధ విమానాల ఆన్‌లైన్ ఆటల ఒకడు గా పేరు పెట్టుకుండు అన్నా. నా దిక్కు వచ్చిన విమానం ఒక్కటి కూడ నాకు దక్కనియ్యడు. ఎప్పుడు చూడు, నా ఎనకాల్నే ఉంటడు. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమంటరు. నాకు రోజూ కనబడి దరిద్రం పట్టిస్తుండు."

"నిన్ను కూల్చిండా?"

"లేదు. నోటికాడి ముద్ద గుంజుకుంటుండు. గది సాలదా?"

ఆశీర్వాదం నవ్వి జాయ్‌స్టిక్‌ను కంప్యూటరుకు తగిలించాడు. ఎవరూ ముట్టుకోకపోయినా తెరమీది గుర్తు ఎడమకు జరిగిపోయింది.

"గిట్ల ఎడమకు గుంజుతుంటే ఇన్నొద్దులు ఎట్ల ఆడినవ్? దీన్ని సర్దుకునుడుకే సరిపోతది గద. ఎనకకు ఎప్పుడు చూస్తవ్?"

"ఎనక మా అన్న ఉంటుండె."

ఆ మాట అని సుదర్శన్ మొహం తిప్పుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ జంటగా ఆడేవారు. అన్న విజయ్ ఆడుతుంటే వదిన ఉమ పక్కనే కూర్చుని, అన్నం చల్లారుతోందని పోరుపెట్టేది.

పోయినేడు వానలో బండి జారి విజయ్ చనిపోయాడు. ఆ సాయంత్రం తొందరగా రమ్మని ఫోన్ చేసింది ఉమే.

"మా అన్నను మింగింది నువ్వే" అని దినాల నాడు పదిమందిలో అనేశాడు సుదర్శన్. ఆమె వెంటనే భర్త సామాన్లు, కంప్యూటరుతో సహా, ఆటోలో వేసుకుని అయిజలోని పుట్టింటికి వెళ్లిపోయింది.

"మీ వదిన మంచిగున్నదా?" అడిగాడు ఆశీర్వాదం.

"గామె పేరెత్తకు. నాకు లోకంల ఇద్దరే పగోళ్లు. ఒకడు పాలపిట్ట, ఇంకొకరు గామె."

ఆశీర్వాదం ఆ ఊసు వదిలేశాడు.

"స్టిక్కును అంచుల దాక చుట్టూ తిప్పు. ఆఁ. ఇగ చెయ్యి తియ్యి."

గుర్తు సరిగ్గా నడిమిలో నిలబడింది.

"అయిపాయె. కానీ, నిన్ను ఎన్నడూ కాల్చనోని మీద గింత పగ ఎందుకు?"

"నా కడుపుమంట నీకేం తెలుసన్నా."

సాయంత్రం దుకాణం కట్టేసి సుదర్శన్ ఆటకు కూర్చున్నాడు. పాలపిట్ట వచ్చింది. ఎప్పటిలాగే వెనక చేరింది.

అతను విమానాన్ని ఒక్కసారిగా పైకి లేపి పల్టీ కొట్టించాడు. ఇదివరకైతే ఎడమకు ఒరిగిపోయేది. ఇప్పుడు సూటిగా లేచి పాలపిట్ట వెనక దిగింది.

పాలపిట్ట తప్పుకోలేదు. అతను కాలుస్తాడని అనుకున్నట్టే లేదు.

మీట నొక్కాడు. నీలి రెక్కలు మండిపోయాయి. ఏడాదిగా లోపల ఉడుకుతున్నది కాస్త చల్లారినట్టనిపించి మైకు తెరిచాడు.

"ఎట్లున్నది బిడ్డా? మంట తగిలిందా?"

మాట పూర్తికాకముందే అతని విమానం పేలిపోయింది. వెనక నుంచి ఎవరో కొట్టారు.

మళ్లీ ఎగిరాడు. మళ్లీ వెనక నుంచే దెబ్బ. ఇంకోసారీ అంతే.

స్టిక్ బాగానే ఉంది. వెనక కాపు కాసేవాళ్లే లేరు.

పాలపిట్ట తనకు దక్కనియ్యని విమానాలన్నీ తనను కూల్చడానికి వచ్చినవేనని అప్పుడు తెలిసింది సుదర్శన్‌కు. మళ్లీ మైకు తెరిచాడు.

"పాలపిట్టా, ఉన్నవా?"

కాసేపటికి హెడ్‌ఫోన్లో ఒక ఆడగొంతు వినబడింది. ఈ ఏడాదిలో పాలపిట్ట నోరు విప్పడం అదే మొదటిసారి.

"స్టిక్ బాగు చేయించినట్టున్నవ్. ఎడమకు ఒరగలే."

స్టిక్ సంగతి ఇంటి గడప దాటింది ఈ రోజే.

"ఎవరు?"

"మంచిగైంది. ఇగ నిన్ను నువ్వే కాసుకుంటవ్."

"పోకు. జర ఆగు."

"మీ అన్న పోయినంక నీ ఎనక ఎవరూ లేరనే గిన్నొద్దులు నేనున్న, మరిదీ," అంది ఆ గొంతు, పాలపిట్ట పేరు తెర మీంచి మాయమవుతుండగా.