గుంటకి జొరం

సముద్రం మీద తేలే ఊళ్లలో బతికే మా జాతికి వేరే దేశం కావాలా, వద్దా అని రేపు ఓటింగు.

"ఈ ఊళ్లు కట్టించినోలు ఆ రాజధానోలే కదేటి! ఇడిపోతే ఎలాగే?" అన్నాడు నా భర్త ఎల్లాజీ, వల బాగుచేస్తూ.

ఆ మేలు నేనూ మరవలేదు. కానీ మా పాప ఒళ్లు కాలిపోతున్న రోజున రాజధానిలోని సహాయ యంత్రానికి ఫోన్ చేసి, "మా గుంటకి జొరం" అని ఏడ్చాను. మా యాసలో గుంటంటే ఆడపిల్ల. అది గుంట పూడ్చుకోమని డ్రోనులో మట్టి పంపింది!

అప్పుడు మా కుర్రాళ్లు కొత్తగా పెట్టిన యంత్రానికి చేశాను. "గుంటకి ఎన్నేల్లమ్మా?" అని అడిగింది. మందు రాకముందే దానికి చేతులెత్తి దండం పెట్టాను.

రాజధాని మట్టిని పారబొయ్యలేదు. నీళ్లమీది ఊళ్లో మట్టెక్కడ దొరుకుతుంది? అందులో మా గుంట నాటిన బంతి పూసింది. రేపు ఆ పువ్వు తల్లో పెట్టుకుని మరీ వేరే దేశానికి ఓటేస్తాను.