దుబాసీ నర్సు

"ఏమంటున్నాడు?" ఖాలిదా ఇంగ్లీషులో అడిగింది.

తెలుగువాళ్లొచ్చినా నేపాలీలొచ్చినా డాక్టర్లకు దుబాసీగా నిలిచే నర్సు జాయ్సీ చేతిలోని చీటీ సర్దుకుంది. బల్ల మీద కాలు చాపుకుని కూర్చున్న మల్లేశం అప్పుడే అన్న మాట ఇది: "గోళీలు మింగుడు బంద్ జేసిన సిస్టరమ్మా. మింగినా గంతే, మింగకున్నా గంతే. హబీబ్ సాబ్ పోతుండట గద. ఇగ ఈ పోరికి జెప్పి ఏం ఫాయిదా? ఇయ్యాల అడుగుతది, రేపు మర్రి గూడ సూడది."

మల్లేశం జగిత్యాల వైపు తాపీ మేస్త్రి. షుగరుతో పాదం మీది పుండు మానడం లేదు. సౌదీలోని దమ్మామ్ శివార్లలో, కార్మికుల క్యాంపులను ఆనుకుని ఉన్న ఆ చిన్న ఆరోగ్య కేంద్రానికి అలాంటి కాళ్లు రోజూ వస్తాయి. వాటిని చూసే ఒకే ఒక్క డాక్టరు, సూడాన్ ముసలాయన హబీబ్, నెలాఖరుకు తన దేశం వెళ్లిపోతున్నాడు. ఆ కుర్చీలోకి ఎవరూ రాకపోతే తలుపులు మూసేస్తామని పైవాళ్లు చెప్పేశారు.

అందుకే హబీబ్ మెడికల్ కాలేజీలో ఈ నెలతో చదువు ముగించబోతున్న పిల్లల్ని పిలిపించి, జనరల్ ప్రాక్టీసు ఎలా ఉంటుందో చూసిపొమ్మని బతిమాలుతున్నాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. ఒకరికి గుండె కావాలి, ఇంకొకరికి చర్మం కావాలి. మనిషి మొత్తంగా ఎవరికీ అక్కర్లేదు. ఆఖరుగా వచ్చిన ఈ సౌదీ అమ్మాయి ఖాలిదా మాత్రం ఫోను సంచిలో పడేసి, మల్లేశం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఈమెనూ పోగొట్టుకుంటే ఇక అంతే.

"మందులు వేళకు వేసుకుంటున్నాడట డాక్టర్" అంది జాయ్సీ. "మీలాంటివారు ఇక్కడే ఉంటే కాలు నయమవుతుందని ధైర్యంగా ఉందట."

ఖాలిదా ఆమె వైపు చూడలేదు. మల్లేశం ముఖంలోకే చూస్తోంది.

"వేసుకుంటుంటే షుగరు ఇంత ఎందుకుంది?"

"మెస్సు తిండండీ. మూడు పూటలా అన్నమే."

"అయితే మందు పెంచమంటారా?"

జాయ్సీ కట్టు సామాను సర్దసాగింది. "అది డాక్టరుగారు చూస్తారు" అంది. ఈ అమ్మాయి వెళ్లగానే అసలు సంగతి హబీబ్ చెవిన తానే వేస్తుంది. ఒక్క పూటలో ఏం ముంచుకొస్తుంది?

"ఏమన్నది పిల్ల?" అడిగాడు మల్లేశం.

"నీ కాలు తప్పకుండా బాగవుతుందంటోంది అన్నా."

"గట్లనే అంటరు" అని అతడు గోడ వైపు తిరిగాడు.

ఖాలిదా లేచి వంగి, చేతి తొడుగులు వేసుకుని, పుండు మీది పాత గుడ్డ తానే విప్పింది. వాసనకు ముఖం తిప్పుకోలేదు. శుభ్రం చేసి కొత్త కట్టు కట్టింది. ఇన్నేళ్లలో చదువుకునే పిల్లలెవరూ ఇక్కడ అలా చేయగా జాయ్సీ చూడలేదు. 'ప్రభువా, ఈమెను ఆపు' అని లోపల్లోపల వేడుకుంది.

తర్వాత ఖాలిదా హబీబ్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల అరబ్బీలో మాటలు చాలాసేపు నడిచాయి. ఉద్యోగం సంగతే అయుంటుంది. జాయ్సీ చేతులు కడుక్కుంది, కడిగిన చేతులే మళ్లీ కడుక్కుంది.

తలుపు తెరుచుకుంది. హబీబ్ ఎవరినీ పలకరించకుండా నేరుగా మల్లేశం దగ్గరికి వెళ్లాడు. ఖాలిదా సంచి భుజాన వేసుకుంది.

"మా దగ్గర చేరతారు కదూ డాక్టర్?" జాయ్సీ ఆశగా అడిగింది.

"చేరదామనే వచ్చాను" అంది ఖాలిదా ఇంగ్లీషులో. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. తర్వాత ఆమె నోట వచ్చిన మాటలు ఇంగ్లీషు కావు, అరబ్బీ కావు.

"నన్ను సాకిన ఆయమ్మది రాయచోటక్కా. మాట్లాడి శానా ఏండ్లాయె, సిగ్గుపడి ఊరకుండినా. ఆయప్ప మాత్తర్లు మింగలేదనె, నువ్వు మింగుతాండాడంటివి. తెలుగు గాబట్టి నాకు తెలిసె. రేపు నేపాలోళ్లొస్తే, ఎవుర్ని నమ్మి మందు రాసేదక్కా?"