పెట్టెలో మూడు నత్తలు

"కాఫీ లేదు," అంది వెర్నా.

ఆమె నడిపే హోటల్లో పొయ్యి మీద కాఫీ ఘుమఘుమలాడుతూనే ఉంది.

వానలో తడిసి వచ్చిన ఆ యువతి అటొకసారి చూసి, చేతిలోని పెట్టెను బల్ల మీద పెట్టింది.

మూలన కూర్చున్న మిల్లు మనుషులు కిసుక్కుమన్నారు.

"నత్తల డాక్టరమ్మా! నాడి చూసి వచ్చావా వాటికి?"

"జ్వరం ఎంతుందట?"

వెర్నా భర్త ఆర్లో ఒక్కడే నవ్వలేదు. మిల్లులో రంపం నడిపేది అతనే. ఊరి పైనున్న, దేవదారు లాంటి ఫర్ చెట్ల కొండను కోయనిస్తేనే మిల్లు బతుకుతుంది. వసంతంలో ఎవరో అధికారి వచ్చి, ఆ కొండ మీద అరుదైన చిప్పలేని నత్త ఉన్నట్టుందని రాసిపోయాడు. అంతే, కోత ఆగిపోయింది. ఇప్పుడు ఆకులు రాలే కాలపు వానల్లో, ఆ నత్తలు వెతుకుతూ ఈమె దిగింది.

"ఏముంది అందులో?" అడిగింది వెర్నా.

ఆమె మూత తీసింది. తడి నాచులో వేలెడైనా లేని మూడు జీవులు. వీపున చిన్న గూని. ఒకదాన్ని తాకగానే గిలగిల కొట్టుకుంటూ ఎగిరిపడింది.

"ఇదా మా కడుపు కొట్టేది!"

"వీటిలో జాతులు వేరువేరండీ. పైకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. బాగా ఎదిగినదాన్ని కోసి, లోపల గుడ్లు పెట్టే భాగాలు చూస్తేనే తేడా తెలుస్తుంది. వసంతంలో దొరికినవి పిల్లలు, వాటికవి ఇంకా..."

"పాఠాలొద్దులే తల్లీ. అరుదైనదా, కాదా? ఒక్క ముక్క చెప్పు."

"చూడకుండా చెప్పకూడదండీ."

"చెప్పకూడదట!" అన్నాడు మూలనుంచి ఒకడు. "మన ఉద్యోగాలు ఊడాక చెబుతుందిలే."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఆఫీసుకి ఫోన్ చేసి వస్తాను. బయట వానకి పెట్టెలోకి నీళ్లొస్తాయి. కాసేపు ఇక్కడుంచనా?"

పెట్టెను బల్ల మీదే వదిలి ఆమె బయటికి వెళ్లింది.

తలుపు మూసుకోగానే వెర్నా ఉప్పు డబ్బా అందుకుంది. ఇంటి వెనక క్యాబేజీ మళ్లలో నత్తల మీద ఏటా చేసే పనే. పెట్టె నిండా గుమ్మరించింది.

మిల్లు మనుషులు చప్పట్లు కొట్టారు.

ఆ యువతి తిరిగొచ్చి మూత తీసింది. నాచులో నురగ, జిగురు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఎంత పని చేశారండీ," అంది. అంతే. పెట్టె తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడే కొండ మీద మంచు పడింది. చలికి నత్తలు నేలలోకి దూరిపోయాయి. ఊళ్లో ఎవరూ గది ఇవ్వకపోతే ట్రక్కులోనే పడుకుని, చేతులతో మంచు తవ్వుతూ ఇంకొన్నాళ్లు వెతికింది. తర్వాత కనబడలేదు.

అది ఏ నత్తో తేల్చడానికి ఇచ్చిన గడువు దాటింది. తేలని నత్తను అరుదైనదిగానే లెక్కకట్టాలన్నది నియమం. కొండ మూసేశారు. ఆ వెనకే మిల్లూ మూతపడింది.

యంత్రాలు లారీలకెక్కిస్తున్న రోజు అటవీ అధికారి హోల్కమ్ కాఫీకి వచ్చాడు.

"మీ డాక్టరమ్మ గెలిచిందిగా. పండగ చేసుకుంటోందా?" అంది వెర్నా.

"గెలవడమా?" హోల్కమ్ కప్పు దించాడు. "వసంతంలో వచ్చినాయన పొరబడ్డాడు, అది మామూలు నత్తే అయ్యుంటుందని మాతో పోట్లాడింది ఆ అమ్మాయి ఒక్కతే. ఎదిగినది ఒక్కటి తెచ్చి రుజువు చెయ్యి, కొండ వదిలేస్తామన్నాం. సెలవు పెట్టుకుని మరీ వచ్చింది."

వెర్నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మరి ఆ మాట మాతో అనొచ్చుగా?"

"చూడకుండా ఎలా అంటుంది?"

"అయినా మేమెవరం ఆమెకి? మా మీద ఎందుకంత..."

హోల్కమ్ కిటికీలోంచి లారీల వంక చూశాడు.

"ఆ కొండ అవతల, ఇలాగే నత్త పేరుతో మూతపడ్డ మిల్లులో రంపం నడిపినవాడి కూతురమ్మా ఆమె."